ఇంక సాలు

అనకాపల్లి,
నవంబరు 18

శ్రీ వేంకటేశ్వరస్వామి కృప.

చిరంజీవి మోహిత్‌కి అత్త ఆశీస్సులు.

నేను పెన్ను పట్టుకుని ఉత్తరం అంటూ రాసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు రాయడానికి కారణం నువ్వే. మొన్న ఆదివారం టిఫిన్ తింటూ మా సాయిశ్రీతో ఏమన్నావో గుర్తుందా? నేను ఫోన్లో మాట్లాడి పంపేవి రెండింతల వేగం పెట్టుకుని వింటావట. అత్త మెల్లగా మాట్లాడుతుంది, మామూలుగా వింటే బస్సు వెళ్లిపోతుంది అన్నావు. మా అమ్మాయి పగలబడి నవ్వింది. నేనూ నవ్వేను. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఆలోచించేను. ఎదురుగా కూర్చుంటే మధ్యలో అందుకుంటావు. ఫోన్లో చెబితే పరుగెత్తిస్తావు. కాగితాన్ని పరుగెత్తించలేవు కదా. అందుకని అమ్మాయి పాత నోటుపుస్తకంలోంచి నాలుగు కాగితాలు చింపి కూర్చున్నాను. జవాబు కూడా కాగితం మీదే రాయి. నా ఫోను ఈ ఇంట్లో అందరిదీను.

నువ్వూ నీ స్నేహితుడు కిరణూ రెండు రోజులు మా వరండాలో కూర్చుని ఒకటే వాదన. ర్యాప్ పాటలో ఎవరు గొప్ప అని. నువ్వేమో రెండే ఆల్బమ్‌లు చేసి ఇరవై నాలుగేళ్లకే పోయినవాడు గొప్ప అంటావు. కిరణ్ యాభై దాటినా ఇంకా పాడుతున్నవాడు గొప్ప అంటాడు. వాళ్లెవరో నాకు తెలీదు. ఎక్కడో అమెరికా వాళ్లనీ, ఒకరినొకరు తిట్టుకుంటూ పాడతారనీ మాత్రం తెలిసింది. కార్తీక శనివారం, నేను ఉపవాసం. దేవుడి గదిలో కూర్చుంటే గోవింద నామాల మధ్యలో మీ గొడవే చెవిలో పడుతోంది. మధ్యాహ్నానికి నువ్వు, "యాభై దాటేక పాడ్డమేటిరా, సిగ్గుండాలి" అన్నావు. నాకు మొన్న శ్రావణంలో యాభై నిండేయి. అప్పుడు నీకు మూడోసారి టీ పట్టుకొచ్చింది ఆ యాభై ఏళ్ల మనిషే.

అదంతా పిల్లల మాటలే అనుకుని ఊరుకుందును. వెళ్లేముందు అన్నమాటే నాకు అరగలేదు. ఫిబ్రవరి ఏడున విశాఖపట్నంలో ప్రోగ్రాం ఉందనీ, అందులో ఆరో పాట పాడి, ఇదే నా ఆఖరి పాట అని అందరి ముందూ చెప్పి ఆపేస్తాననీ అన్నావు. ఆ పాట పేరు 'ఇంక సాలు' అట. మీ నాన్న భజన పాటలోని మాట అట. నువ్వలా అంటున్నప్పుడు కిరణ్ మొహం చూసేవా? పరవాడ మందుల కంపెనీలో ఉద్యోగం మానేసి నీ వెంట వచ్చేడు వాడు. ఇద్దరు కలిసి పాడే పాటలో ఒకడు ఆపేస్తే రెండోవాడు ఏం చెయ్యాలి? ఆ ఊసే లేదు నీకు.

ఐదు పాటలు పాడేవు. ఇరవై నాలుగేళ్లున్నాయి. ఏం చూసేసేవని సాలు?

ఇంకొక్క మాట. మీ నాన్న క్యాసెట్ మళ్లీ విను. అది అరిగిపోయిన క్యాసెట్. జాగ్రత్తగా విను. ఇప్పటికి ఇంతే రాస్తాను.

మీ అత్త,
అప్పలనర్సమ్మ


హైదరాబాద్,
నవంబరు 28

నర్సత్తా,

కాగితం మీద నేను చివరిసారి రాసింది డిగ్రీ పరీక్ష. అప్పుడే చెయ్యి లాగుతోంది. పోస్టాఫీసు ఎక్కడుందో మా వీధిలో ఒక్కడికీ తెలీదు. అయినా రాస్తున్నాను, నువ్వడిగేవు కాబట్టి.

ముందు సారీ. యాభై అన్నది నిన్ను కాదు. నువ్వు పాటలు కట్టవు కదా.

నా పాయింట్ నీకు సగమే వినపడింది. గొప్పవాడికి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఎక్కువకాలం ఉన్నవాళ్లు పదేళ్ల తర్వాత తమ పాటల్నే తాము జిరాక్స్ తీసుకుని బతుకుతారు. తక్కువ పాడినవాడి దగ్గర చెడ్డ పాట ఉండదు. కిరణ్ ఒప్పుకోడు. చచ్చిపోయినవాడికి రేపటి పాట పాడే అవసరం లేదు, అందుకే ఎప్పుడూ గెలిచినట్టు ఉంటాడు, నిలబడ్డమే విద్య అంటాడు. రోజూ ఇదే గొడవ. ఇంటి ఓనరు కూడా ఓ మాట వేసి పోతున్నాడు.

నాకు అమెరికా వాళ్లు అక్కర్లేదత్తా. నాన్న సాలు. మన ఊరి భజన బృందంలో నాన్న పాడింది మూడేళ్లే. ఇప్పటికీ కశింకోటలో ఆటో ఎక్కితే ముసలోళ్లు నా మొహం చూసి, అబ్బులు కొడుకువా, మీ నాన్న పాడితే ఉపమాక కొండ ఇనేదిరా అంటారు. ఉపమాక ఎంకన్న కళ్యాణాల్లో ఆఖరిసారి "ఇంక సాలు" అని పాడి, చేతిలో భజన చెక్కలు సామి దగ్గర పెట్టేసి దిగిపోయేడు. జనం ఏడ్చేరట. మళ్లీ పాడలేదు. అదీ ముగింపు అంటే. మరి అప్పలరాజు మావని చూడు. ఆ రోజుల్లో నాన్నకి పోటీ. అరవై దాటేయి, ఇంకా పాడుతున్నాడు. ఆయన పాట ఎత్తుకోగానే జనం టీకి లేస్తారు. నన్ను అప్పలరాజు మావలా చెయ్యమంటావా?

క్యాసెట్ విన్నాను. వందసార్లు విన్నాను. ఆ ముక్కే కత్తిరించి నా పాటలో పెట్టేను. "ఇంక సాలు, ఇంక సాలు, ఎంకటేశ సామీ." నాన్న గొంతు వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మోహిత్


అనకాపల్లి,
డిసెంబరు 6

చిరంజీవి మోహిత్‌కి,

ఈవేళ శనివారం. పొద్దున్న ఉపమాక వెళ్లి దర్శనం చేసుకుని, ఇంటికొచ్చి రాస్తున్నాను. నీ మీద కోపం తగ్గించమని సామికి చెప్పుకున్నాను. బస్సు దిగేసరికి మళ్లీ వచ్చింది.

అప్పలరాజు మావ గురించి అలా రాయకూడదు. జనం టీకి లేస్తారు, నిజమే. తిరిగొచ్చేసరికి ఆయన పాడుతూనే ఉంటాడు. అది నీకు నవ్వులాటగా ఉంది. ఆయనకి రెండు మోకాళ్లూ పట్టేసేయి. కుర్చీ వేసుకుని పాడుతున్నాడు. సామి ముందు పాడ్డానికి జనం కావాలని నీకెవరు చెప్పేరు?

ఇప్పుడు అసలు సంగతి. ఆ మాట 'ఇంక సాలు' కాదు. 'ఇంకో సాలు.'

మన మాటలో 'చాలు'ని సాలు అంటాం. నాగలి గీసిన చాలునీ సాలే అంటాం. నువ్వు చెరుకు రైతు బిడ్డవి, పేరుకి. సాలు అనగానే నీకు నాగలి గుర్తుకు రాలేదు, 'ఇంక వద్దు' అన్నదే గుర్తుకొచ్చింది. పల్లవి మొత్తం చదువు.

బీడుబడ్డ గుండె మీద నాగలెట్టు సామీ,
ఇంకో సాలు, ఇంకో సాలు, ఎంకటేశ సామీ.

బీడు దున్నమని అడుగుతూ, రెండో పాదంలోనే వద్దు, చాలు అంటారా ఎవరైనా? ఇంకో సాలు దున్ను, ఇంకొకటి దున్ను అని వేడుకోవడం అది. నువ్వేమో ఆ మాటని తలకిందులు చేసి, దాని మీద నీ జీవితం నిలబెట్టుకుంటానంటున్నావు. ఒక్క ఓత్వం తేడారా నాయనా. కకి ఓత్వం ఇస్తే కో. రెండో క్లాసు చదువు.

ఆ పాట పేరు మార్చు. ఆపేసే ఆలోచన కూడా మార్చు.

మీ అత్త


హైదరాబాద్,
డిసెంబరు 17

అత్తా,

నీ ఉత్తరం కిరణ్‌కి చదివి వినిపించేను. వాడు ఎగిరి గంతేసి, మీ అత్త నా పార్టీ అన్నాడు. నాకు మాత్రం చిర్రెత్తింది.

వెంటనే నాన్నకి ఫోన్ చేసేను. చెరుకు బండి దగ్గర ఉన్నాడు. నాన్నా, ఉపమాకలో నువ్వు పాడింది ఇంక సాలా, ఇంకో సాలా అని అడిగేను. మళ్లీ అడగమన్నాడు. తర్వాత, "ఇంక సాలే. ఎవలడిగేరు?" అన్నాడు. ఊరికే అన్నాను. బండి కదిలిపోతంది అని పెట్టేసేడు.

పాడిన మనిషే చెప్పేక ఇంకేముంది? నువ్వు ఆడవాళ్ల వరసలో ఎక్కడో కూర్చుని విని ఉంటావు. పాడినవాడి కన్నా నీకెక్కువ తెలుసా? ఆ పాటేదో నువ్వే రాసినట్టు చెప్తున్నావు.

పైగా ఇప్పుడు మార్చడం కుదరదు. రెండు వందల టీషర్టుల మీద 'ఇంక సాలు' అని అచ్చు వేయించేసేం. పోస్టరు కూడా వచ్చేసింది. అత్తా, నువ్వు పూజలు చేసుకో. ఈ ర్యాప్ విషయం మాకు వదిలెయ్యి.

మోహిత్


అనకాపల్లి,
జనవరి 2

చిరంజీవి మోహిత్‌కి,

పదిహేను రోజులు రాయకూడదనే అనుకున్నాను. ధనుర్మాసం, ఇలాంటివి తవ్వుకునే రోజులు కావు. కానీ నీ పోస్టరు సాయిశ్రీ చూపించింది. మోహిత్ అని శుభ్రమైన పేరు పెడితే రెండు ముక్కలు చేసి 'మో హిట్' అని వేసుకున్నావు. కింద 'ఆఖరి పాట' అని. ఇంక ఊరుకోలేను.

అవును. ఆ పాట నేనే రాసేను.

ఆ ఒక్కటే కాదు. ఆ మూడేళ్లలో మీ నాన్న పాడిన కొత్త పాటలన్నీ నావే. మొదటి ఏడాది మన ఊరి బృందం పుస్తకాల్లో పాటలు పాడి, అప్పలరాజు మావ వాళ్ల చేతిలో ఓడిపోయింది. పోటీ భజనలో అవతలివాళ్లు పాటతో ప్రశ్న వేస్తే ఇవతలివాళ్లు పాటతోనే జవాబు చెప్పాలి. మీ నాన్నకి గొంతు ఉంది, జవాబు లేదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నేను అప్పటికి టెన్త్ పాసై ఇంట్లో ఉన్నాను. మజ్జిగ గిన్నె ముందు పెట్టి నాలుగు పాదాలు అల్లి చెప్పేను. అన్నం తిన్నాడు. అక్కడ మొదలైంది.

మీ నాన్న నాలుగో క్లాసుతో మానేసేడు. అందుకని కాగితం ఇవ్వలేదు, చెవిలో చెప్పేదాన్ని. రెండుసార్లు వింటే వచ్చేసేది. మగాళ్ల బృందంలో ఆడపిల్ల పాట అంటే తాతయ్య ఒప్పుకోడు, బృందం అసలే ఒప్పుకోదు. ఎవరైనా పాట ఎవరిది అంటే, "సామి ఇచ్చేడు" అనేవాడు మీ నాన్న. అది అబద్ధం కాదు. నాకూ ఆయనే ఇచ్చేడు.

మాఘంలో నాకు పెళ్లయింది. ఫాల్గుణంలో ఉపమాక పోటీ. దానికని కట్టిన పాట పెళ్లి పనుల్లో మీ నాన్నకి చెప్పడం పడలేదు. ఆఖరికి అప్పగింతల్లో చెప్పేను. అన్నయ్య మెడ పట్టుకుని చెవిలో ఏడుస్తున్నానని అందరూ కళ్లు ఒత్తుకున్నారు. నేను మూడో చరణం చెప్తున్నాను. పక్కనే సన్నాయి మోగుతోంది. నా గొంతు సంగతి నీకు తెలుసు, ఫోన్లోనే వినబడదు నీకు. నాలుగో చరణం చెప్పేలోపు కారు ఎక్కించేసేరు.

నెల తిరక్కుండా, కొత్త కోడలిగా అత్తగారి వెనక ఉపమాకలో నిలబడి విన్నాను. మీ నాన్న 'ఇంక సాలు' అని పాడేడు. పెళ్లి సన్నాయిలో ఓత్వం కొట్టుకుపోయింది. తప్పురా అన్నయ్యా అని అరవాలనిపించింది. అత్తగారి ముందు ఎలా అరుస్తాను? జనం దాన్ని వీడ్కోలు అనుకున్నారు. ఆ తర్వాత పాటలు లేవు కాబట్టి మీ నాన్న పాడలేదు. అంతే. శిఖరం మీద ఆపేసేడని నువ్వు చెప్పుకునే కథ ఇది.

ఆగిపోయినవాళ్లందరూ ఆపేసినవాళ్లు కాదు. నీ అమెరికా వాళ్ల సంగతి కూడా ఒకసారి చూసుకో.

నమ్మవని తెలుసు. అందుకే క్యాసెట్లో లేని నాలుగో చరణం రాస్తున్నాను.

మొదటి సాలు మొక్కు కోసం, రెండో సాలు మెప్పు కోసం,
మూడో సాలు ముద్ద కోసం దున్నినాను సామీ.
పొద్దు ఉంది, కాడి ఉంది, గట్టు మీద కూకోబోకు,
ఎవ్వలూ సూడని సాలు ఒక్కటుంది సామీ.

మీ అత్త


హైదరాబాద్,
జనవరి 12

అత్తా,

నాలుగో చరణం చదివేను. మిగతా మూడూ కట్టిన చెయ్యే అది. మొక్కు, మెప్పు, ముద్ద. మా వాళ్లలో ఎవడికైనా ఆ లైను పడితే సంవత్సరం తిని కూర్చుంటాడు. నమ్మేను. నమ్మకపోతే బాగుణ్ణు.

మా దాంట్లో దీన్ని ఘోస్ట్ రైటింగ్ అంటారు. అంటే దెయ్యం రాత. ఒకడు రాస్తే ఇంకొకడు తనదని పాడటం. దొరికిపోతే అంతే, ఎంత పెద్దవాడికైనా పరువుండదు. మేం అందరం అందరినీ అడిగే మొదటి ప్రశ్నే అది, నీ లైన్లు నువ్వే రాసుకున్నావా అని. నేను ఛాతీ మీద చెయ్యేసి, మా నాన్న రాసుకున్నాడు, నేను రాసుకుంటాను అని ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పేనో నీకు తెలుసా?

ఇప్పుడు నాన్న ఎవరు? నేను ఎవరి కొడుకునని పాడేను?

ఏడో తారీఖున స్టేజీ మీద చెప్పేస్తాను. ఈ పాట మా నాన్నది కాదు, మా అత్తది అని. నీకు రావాల్సిన పేరు నీకొస్తుంది. నాన్న ఏమనుకుంటే అది అనుకుంటాడు. ఆ తర్వాత నేను ఆపేస్తాను. ఇప్పుడైతే మరీ ఆపేస్తాను.

మోహిత్


అనకాపల్లి,
జనవరి 20

చిరంజీవి మోహిత్‌కి,

దెయ్యం నేను కాదు. ఈ పొద్దున్న లేచి మీ మావయ్యకి ఇడ్లీ వేసి, బెల్లం మార్కెట్‌కి పంపించి, ఈ కాగితం ముందు కూర్చున్న మనిషిని. నువ్వు ఊళ్లో లేని పేర్లన్నీ తెచ్చి ఇంట్లోవాళ్లకి పెట్టకు.

నాకు రావాల్సిన పేరు అని రాసేవు. ఎవరడిగేరు నిన్ను? ప్రతి ఏకాదశికీ మా వీధి ఆడవాళ్ల భజనలో నా పాటలే పాడతారు. ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను. ఎక్కడివి అంటే పాత పుస్తకంలోవి అంటాను. మా దేముడమ్మ పెద్దది, నాయకురాలు. పోయిన ఏకాదశికి, "నర్సమ్మా, ఇది పూర్వకాలపు కీర్తన, నువ్వు తప్పు పలుకుతున్నావు" అని నా పాట నాకే దిద్దింది. దిద్దించుకున్నాను. ఇంటికొచ్చి నవ్వుకున్నాను. అంతకన్నా నాకేం కావాలి?

యాభై దాటేక పాడేవాళ్లకి సిగ్గుండాలన్నావు. నాకు సిగ్గు లేదు, పాటలున్నాయి.

ఇక మీ నాన్న. ఆ మూడేళ్లూ నేను రాసిన మాటలే. కానీ ఉపమాకలో అంతమంది ముందు నిలబడి, ఆ మాటల్ని కొండ దాకా పంపింది ఆయన గొంతే. నేను చదివితే పక్కనున్న పిల్లి కూడా తల తిప్పదు. ఆయనకి పొలంలో చెరుకుంది, నడుం నొప్పుంది, ఆటోలో ముసలోళ్లు అనే ఆ ఒక్క మాట ఉంది. అది నువ్వు మైకు పెట్టి లాగేస్తే ఆయనకి ఏం మిగులుతుంది? నీ నిజాయితీ నిలబడ్డానికి మీ నాన్న కింద కుర్చీ తీసేస్తావా? స్టేజీ మీద నా పేరు ఎత్తేవంటే నేను మళ్లీ నీతో మాట్లాడను. ఎలాగూ వినవు కాబట్టి నీకు పెద్ద నష్టం లేదు.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను, కాగితం మీద జవాబు చెప్పు. ఈ ఆరో పాటలో నీ మాటలు ఎన్ని, క్యాసెట్ మాటలు ఎన్ని? మీ నాన్న ఆపేసేడో ఆగిపోయేడో నాకు తెలుసు. నువ్వేది? రెండు నెలలుగా అదే అనుమానం నాకు. రాకపోతే రావట్లేదని చెప్పు. అది చెప్పలేక, గొప్పవాళ్లు తొందరగా ఆపేస్తారు అని అందరి బుర్రలూ తినకు.

కిరణ్‌కైనా నిజం చెప్పు. వాడు ఉద్యోగం వదులుకున్నాడు.

మీ అత్త


విశాఖపట్నం,
ఫిబ్రవరి 10

నర్సత్తా,

నీ ఉత్తరం వచ్చేక పది రోజులు నీ మీద మండిపడ్డాను. తర్వాత లెక్క చూసుకున్నాను. ఆరో పాటలో నావి పదకొండు లైన్లు. మిగతాదంతా క్యాసెట్, డప్పు, తిప్పి తిప్పి నాన్న గొంతు. ఆగస్టు నుంచి నాకు ఒక్క లైనూ రావట్లేదు. రావట్లేదు అనడం కంటే ఆపేస్తున్నాను అనడం బాగుంది కదా. పోస్టరు కూడా వేసుకోవచ్చు.

కిరణ్‌కి చెప్పేను. తిడతాడనుకున్నాను. ముందే తెలుసట. ఎదవా, పడుకుంటే పాట వత్తాది, పోస్టర్లేత్తే వత్తాదేటి అన్నాడు. మర్నాడు నల్ల మార్కరు కొనుక్కొచ్చి, రెండు వందల టీషర్టులూ గదిలో పరిచి, ప్రతి 'ఇంక' మీదా ఓత్వం దిద్దుతూ కూర్చున్నాడు. కొన్ని 'కో'లు వంకరగా వచ్చేయి. చేతులు కడుక్కున్నా నలుపు పోలేదు.

ప్రోగ్రాం సాయంత్రం అయిదింటికి. నాన్న వచ్చేడు. నేను పిలవలేదు, పోస్టరు ఎవరో చూపించేరట. ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. నీ పేరు ఎత్తలేదు. ఆఖరి పాట అనీ అనలేదు. 'ఇంకో సాలు' అనే పాడేను. క్యాసెట్ ముక్క తీసేసి నా గొంతుతోనే. నాలుగో చరణం కూడా అన్నాను, ఎవరిదో చెప్పలేదు. క్షమించు. ఆ లైను మింగడం నా వల్ల కాలేదు. కింద నాన్న కదలకుండా చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్న నాన్నని బస్సెక్కించడానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లేను. టీ తాగుతూ ఆ మాట మార్చేవేటిరా అని అడిగేడు. క్యాసెట్ మళ్లీ విన్నాను నాన్నా, అరిగిపోయింది అన్నాను. మిగిలిన టీ పారబోసి గ్లాసు ఇచ్చేసేడు. తర్వాత చెప్పేడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అది ఇంకోనేరా. సన్నాయి మోగతన్నా నాకు బాగానే ఇనబడింది. ఇంకో అని పాడితే జనం ఇంకో పాటడుగుతారు. ఎక్కడ్నించి తెత్తాను? సెల్లి ఎల్లిపోనాది. అందుకే ఇంక సాలన్నాను."

అని బస్సెక్కేసేడు.

అత్తా, నీ గొంతు చిన్నదని నువ్వు అనుకుంటున్నావు. నాన్నకి ప్రతి అక్షరం వినబడింది.

ఏడో పాట రెండు లైన్లు వచ్చేయి. బాగోలేవు.

మోహిత్


అనకాపల్లి,
ఫిబ్రవరి 17

చిరంజీవి మోహిత్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి బియ్యం డబ్బాలో పెట్టేను. మళ్లీ తీసి చదివేను. మీ మావయ్య, ఏమైంది, ఎవరైనా పోయేరా అని అడిగేరు. ఎవరూ పోలేదు అన్నాను. పప్పు మాడిపోయింది ఆ పూట.

విన్నాడన్నమాట.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు నేను నా గొంతునే తిట్టుకున్నాను. ఎవరైనా, ఏటమ్మా, ఏటన్నావు, గట్టిగా చెప్పు అన్నప్పుడల్లా ఆ అప్పగింతలే గుర్తుకొచ్చేవి. ఒక్క అక్షరం అన్నయ్య చెవిలో పడెయ్యలేకపోయేనే అని. అప్పటినించీ మాట తగ్గించేసుకున్నాను, నాది ఎవరికీ వినబడని గొంతు అనుకుని. రాఖీ పున్నానికి ఏటేటా వస్తాడు. పండక్కి చీర పెడతాడు. చెరుకు రసం క్యానుతో తెస్తాడు. ఈ ఒక్క ముక్క తేలేదు. చెల్లీ, బాగానే వినబడింది, నువ్వు లేక మార్చేను అని ఒక్కసారి అంటే వాడి సొమ్మేం పోయింది? ఇంతా చేసి నీకు చెప్పేడు, బస్టాండులో, టీ తాగుతూ. పైగా బస్సెక్కేసేడట. మా అన్నయ్య ఎప్పుడూ అంతే. ఏడుపు వచ్చే వేళకి బండి కదిలిపోతుంది వాడికి.

నువ్వు చరణం పాడినందుకు తిట్టాలి. తిట్టే ఓపిక లేదు. ఎలా ఉందని ఎవరైనా అడిగేరా? అడిగినా నాకు రాయకు. రాసినా కొంచెమే రాయి.

గొప్ప ఎవరిదో నువ్వూ కిరణూ తేల్చుకోండి. మా వరండాలో కాదు. ఆ బాగోని రెండు లైన్లు పంపించు. దిద్దను. చదువుతాను. పదకొండు లైన్ల మీద పన్నెండోది బాగోకపోతే కొంపలేం మునగవు. కిరణ్‌కి చెప్పు, మార్కరు మరకకి కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బు పెట్టమని.

ఈ కాగితాలన్నీ ఒక చోట పెట్టి దాచు. చింపకు. ఫోన్లో ఫోటోలు తియ్యకు, ఇంటర్వ్యూల్లో చదవకు. సాయిశ్రీకి చూపించకు, మావయ్యకి చూపించకు. అందరికన్నా ముఖ్యంగా మీ నాన్నకి చూపించకు. ఫాల్గుణంలో ఉపమాక కళ్యాణాలకి వాడూ వస్తాడు, నేనూ వెళ్తాను. దర్శనం వరసలో నా ముందు నిలబడతాడు, ఎటూ పారిపోలేడు. కాగితం మీద చదివి తెలుసుకుంటే వాడికి సుఖం. నాకు తెలిసిపోయిందన్న ముక్క వాడు నా నోట వినాలి, వరసలో అందరికీ వినబడేలా.

మీ అత్త,
అప్పలనర్సమ్మ